ఇంట్లో ఎయిర్‌బ్రష్‌కి చప్పుడు లేని కంప్రెసర్: డెసిబెల్ చూసి కొనాలా, ట్యాంకు చూసి కొనాలా?

సన్నగీత:
అందరికీ నమస్కారం. 1/72, 1/48 స్కేల్ విమానాల మోడళ్లు చేస్తుంటాను. ఇన్నాళ్లూ స్ప్రే డబ్బాలతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు 0.3 మి.మీ. సూది ఉన్న డ్యుయల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్ (ఒకే ట్రిగ్గర్‌తో గాలినీ రంగునీ విడివిడిగా అదుపు చేస్తూ రంగు చిమ్మే పెన్ను లాంటిది) తీసుకున్నాను, దానికి గాలిని నొక్కి పంపే కంప్రెసర్ కావాలి. నాకు తీరిక దొరికేది రాత్రి పిల్లలు పడుకున్నాకే. వాళ్లు పక్క గదిలోనే పడుకుంటారు, కింది అంతస్తులో వేరేవాళ్లు ఉంటారు. అందుకని నా టెన్షన్ అంతా చప్పుడు గురించే.

చూసి చూసి రెండు రకాల దగ్గర ఆగాను. ఒకటి 3 లీటర్ల ట్యాంకుతో వచ్చే ఆయిల్‌ఫ్రీ పిస్టన్ రకం, దాని మీద 47 డెసిబెల్ అని ఉంది. రెండోది ఫ్రిజ్‌లో ఉండే మోటారు లాంటిదాంతో చేసిన ఆయిల్ రకం, దాని మీద 40 అని ఉంది. రెండోదాని బరువు ఎక్కువ, ధరైతే మొదటిదానికి చాలా రెట్లు. 7 డెసిబెళ్ల కోసం అంత పెట్టాలా?

పాతపిస్టన్:
పెట్టాలండీ. 7 అంటే చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 3 పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. 10 పెరిగితే మన చెవికి చప్పుడు దాదాపు రెట్టింపైనట్టు అనిపిస్తుంది. రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక 47కీ 40కీ తేడా బాగా తెలుస్తుంది. పైగా రెండింటి గొంతూ ఒకటి కాదు. ఆయిల్‌ఫ్రీ పిస్టన్‌ది టకటక కొట్టే మోత. ఆయిల్ రకంలో మోటారు మొత్తం మూసిన ఉక్కు గిన్నె లోపల నూనెతో పాటు ఉంటుంది, బయటికి సన్నటి గుయ్ తప్ప ఏమీ రాదు. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది.

గాలిలెక్క:
పాతపిస్టన్ గారూ, డెసిబెల్ గురించి మీరన్నది నిజమే. కానీ పెట్టె మీది అంకెని నమ్మి కొనడమే నాకు నచ్చదు. ఎంత దూరంలో కొలిచారో రాయని అంకెకి విలువ లేదు. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెళ్లు తగ్గుతాయి, గదిలో గోడలుంటాయి కాబట్టి అంతకంటే తక్కువ తగ్గుతాయి. ఒకరు మీటరు దూరంలో, ఇంకొకరు రెండు మీటర్ల దూరంలో కొలిచి ఉంటే మనం పోలుస్తున్న 47, 40 అసలు ఒకే రకం అంకెలే కావు.

సన్నగీత గారూ, మోటారు ఎంత గట్టిగా మోగుతుందో అడిగారు. ఎంతసేపు మోగుతుందో కూడా చూడండి. 3 లీటర్ల ట్యాంకున్న ఈ రకం మామూలుగా 4 బార్ (బార్, పీఎస్‌ఐ రెండూ ప్రెషర్ కొలతలే, ఒక బార్ అంటే దాదాపు 14.5 పీఎస్‌ఐ) దగ్గర ఆగి, 3 బార్‌కి దిగగానే మళ్లీ మొదలవుతుంది. అంటే ఆ ఒక్క బార్ తేడాలో ట్యాంకు మనకిచ్చేది 3 లీటర్ల మామూలు గాలి మాత్రమే. 0.3 సూదితో 20 పీఎస్‌ఐ దగ్గర ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే నిమిషానికి 12 లీటర్లు పోతుందనుకుందాం. 15 సెకన్లలో మోటారు లేస్తుంది. అది నిమిషానికి 20 లీటర్లు తోస్తుంటే, మనం 12 వాడుకుంటూ ఉంటే, మిగిలే 8తో ట్యాంకు నిండడానికి 22 సెకన్లు పడుతుంది. అసలు ఆ 20 అనేది ఎదురు ప్రెషర్ లేనప్పటి లెక్క. 3, 4 బార్ల దగ్గర అంత రాదు కాబట్టి ఇంకా ఎక్కువసేపే పడుతుంది.

సరే పెద్ద ట్యాంకు తగిలిద్దాం అంటారు చాలామంది. 10 లీటర్ల ట్యాంకు అదనంగా పెట్టారనుకోండి. నిశ్శబ్దం 65 సెకన్లవుతుంది, మోత కూడా దాదాపు 100 సెకన్లవుతుంది. మోత, నిశ్శబ్దం రెండూ సాగాయి తప్ప వాటి నిష్పత్తి మారలేదు. ఆ నిష్పత్తిని తేల్చేది మనం వాడే గాలికీ పంపు తోసే గాలికీ ఉన్న లెక్క ఒక్కటే. కాబట్టి రంగు బాగా పల్చన చేసి 15 పీఎస్‌ఐలో పని చేస్తే మోత దానంతటదే తగ్గుతుంది. మచ్చలు, సన్నగీతలు వేసేటప్పుడైతే ట్రిగ్గర్ నొక్కి వదులుతుంటాం, మోటారు చాలాసేపు లేవదు. మీరు చేసే చిన్న స్కేల్ మోడళ్లకి ఆయిల్‌ఫ్రీ చాలు. ఖరీదైనది అవసరం లేదు.

పాతపిస్టన్:
మీ లెక్క తప్పుపట్టను. కానీ అది నా మాటనే బలపరుస్తోంది కదండీ! ట్యాంకు ఎంత పెంచినా మోత నిష్పత్తి తగ్గదన్నారు. అంటే బేస్ కోటు, ప్రైమరు లాంటి మోడల్ అంతటా పూసే అడుగు పొరలు వేసేటప్పుడు మోటారు సగానికి పైగా సమయం మోగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు మోటారే చప్పుడు తక్కువ చేసేదై ఉండాలి, వేరే దారి లేదు. ఇంకో సంగతి. నిద్రపోయేవాళ్లని లేపేది ఒకే తీరుగా సాగే చప్పుడు కాదు, ఉన్నట్టుండి మొదలయ్యే చప్పుడు. ఆగిన 15 సెకన్లకే మళ్లీ టక్కున లేచే మోటారు పక్క గదిలో పిల్లలుంటే పనికిరాదు.

రెక్కలపురుగు:
మీరిద్దరూ మూడో దారి వదిలేశారు. వర్క్‌షాపుల్లో వాడే 24 లీటర్ల కంప్రెసర్, 8 బార్ది. చెవులు చిల్లులు పడేలా మోగుతుంది, ఒప్పుకుంటాను. కానీ సాయంత్రం అందరూ మేలుకుని ఉన్నప్పుడే నింపేసి స్విచ్ తీసేయండి. 8 నుంచి 2 బార్ దాకా దిగేలోపు 144 లీటర్ల గాలి వస్తుంది. గాలిలెక్క గారి 12 లీటర్ల లెక్కలో అది ఏకధాటిగా 12 నిమిషాలు. ఎవరూ ట్రిగ్గర్ ఏకధాటిగా నొక్కరు కాబట్టి ఒక రాత్రి చిన్న పనికి సరిపోతుంది. మోటారు తిరగనే తిరగదు, అంతకంటే సైలెంట్ ఇంకేముంటుంది?

గాలిలెక్క:
ఆలోచన బాగుంది. రెండు విషయాలు మాత్రం చెప్పాలి. మధ్యలో గాలి అయిపోతే కప్పులో కలిపిన రంగు అలాగే ఉంటుంది, అర్ధరాత్రి దాన్ని ఆన్ చేయలేరు. రెండోది నీళ్లు. నొక్కిన గాలి వేడెక్కి, ట్యాంకులో చల్లారాక తేమ నీరుగా మారి అడుగున చేరుతుంది. పని అయ్యాక ప్రతిసారీ కింది డ్రెయిన్ వాల్వ్ తిప్పి తీసేయకపోతే ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. తుప్పుతో పల్చబడిన గోడ ఆ ప్రెషర్‌కి పగిలితే ప్రమాదం చిన్నది కాదు. 3 లీటర్లదానికీ ఈ డ్రెయిన్ ఉంటుంది, చాలామంది ముట్టుకోరు.

తెల్లప్రైమర్:
మోటారే వద్దనుకుంటే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంది కదా? చప్పుడు సున్నా, తేమ కూడా ఉండదు. నేను కొన్నాళ్లు దాంతోనే వేశాను.

పాతపిస్టన్:
పిల్లలున్న ఇంట్లో, తలుపులు మూసుకుని పని చేసే గదిలో వద్దండీ. లోపల ద్రవంగా ఉంటుంది, 20 డిగ్రీల దగ్గరే 57 బార్ల దాకా ప్రెషర్. దానికి తగ్గ రెగ్యులేటర్ (ప్రెషర్ తగ్గించి పంపే వాల్వ్) ఉండాలి, పడిపోకుండా గోడకి గొలుసుతో కట్టాలి. ఆ గ్యాస్ గాలికంటే బరువు, గాలి ఆడని గదిలో లీకైతే కింద పేరుకుంటుంది, వాసన కూడా తెలియదు. కిటికీ తీసి ఉంచే చోట అయితే సరే.

రాగితీగ:
ఒక మాట. కంప్రెసర్ మోగుతుండగా హ్యాండిల్ పట్టుకుని నేల మీంచి వేలెడంత ఎత్తు లేపి చూడండి. గదిలో మోత ఒక్కసారిగా పల్చబడిందంటే మీరు ఇంతసేపూ విన్నదాంట్లో చాలా భాగం మోటారు చప్పుడు కాదు, నేల చప్పుడు. నాలుగు రబ్బరు కాళ్ల ద్వారా అదురు టైల్స్‌లోకి దిగి గచ్చంతా డోలు చర్మంలా మోగుతుంది. కింది అంతస్తువాళ్లకి వినిపించేది అదే. ఏ పెట్టె మీది డెసిబెల్ అంకెలోనూ అది ఉండదు.

మందు చాలా తేలిక. అడుగున మెత్తటి ఫోమ్, దాని మీద బరువైన రాతిపలక, పలక మీద కంప్రెసర్. పలక బరువు అదురుని అణుస్తుంది, ఫోమ్ మిగిలినదాన్ని కిందికి పోనివ్వదు. ఫోమ్ మరీ మెత్తగా ఉండి బరువుకి పూర్తిగా అణిగిపోతే లాభం లేదు, సగం మందమైనా మిగలాలి. గోడకి, బల్ల కాలికి ఏదీ తగలకూడదు. గొట్టం కూడా బిగుతుగా లాగి కాకుండా వదులుగా ఒక చుట్టు ఉంచండి. చెక్కపెట్టెలో మూసేయాలని మాత్రం అనుకోవద్దు. ఆయిల్‌ఫ్రీ మోటారు చల్లబడేది చుట్టూ ఉన్న గాలితోనే. మూసేస్తే వేడెక్కి థర్మల్ కటాఫ్ (మోటారు వేడెక్కితే ఆపేసే స్విచ్) పడిపోతుంది, పిస్టన్ రింగ్ కూడా త్వరగా అరుగుతుంది.

గాలిలెక్క:
నేను చెప్పాల్సింది రాగితీగ గారు చెప్పారు. దీనికి పొడుగాటి గొట్టం కూడా కలపండి. మనం వాడే కొద్దిపాటి గాలికి మూడు, నాలుగు మీటర్లు పెంచినా ప్రెషర్ పెద్దగా పడిపోదు. కంప్రెసర్‌ని పిల్లల గదికి దూరంగా తలుపు అవతల పెట్టి, రెగ్యులేటర్, వాటర్ ట్రాప్ (గాలిలోని నీటిని పట్టే చిన్న గిన్నె) పనిబల్ల దగ్గర బిగించుకోవచ్చు. గాలి గొట్టంలో చల్లారి వస్తుంది కాబట్టి ట్రాప్ అక్కడే బాగా పనిచేస్తుంది. ప్రెషర్ సెట్ చేసేటప్పుడు ట్రిగ్గర్ నొక్కి ఉంచి ముల్లు చూడండి. వదిలేసి చూస్తే ఎక్కువ చూపిస్తుంది.

తెల్లప్రైమర్:
ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. స్ప్రే బూత్ (రంగు తుంపరని లాగేసే పెట్టె) ఫ్యాను! చాలా బూత్‌ల ఫ్యాను మోత కంప్రెసర్ కంటే ఎక్కువే ఉంటుంది. చప్పుడని దాన్ని ఆపేసి వేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అక్రిలిక్ అయినా సన్నటి తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఘాటైన ద్రావకాలుండే లాకర్ రంగులైతే ఆ ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కూడా తప్పనిసరి.

సన్నగీత:
అందరికీ ధన్యవాదాలు. ఫ్యాను ఎలాగూ ఉండాలి కాబట్టి 40 డెసిబెల్ కోసం పాకులాడటంలో అర్థం లేదనిపిస్తోంది. ఆయిల్‌ఫ్రీ తీసుకుని, పలక, ఫోమ్ వేసి, గొట్టం పొడుగ్గా లాగుతాను. ప్రైమరు, బేస్ కోటు పగలే వేస్తాను, రాత్రికి సన్న పని మాత్రమే. పాతపిస్టన్ గారూ, కోపం వద్దు.

పాతపిస్టన్:
కోపమెందుకండీ. నా అభిప్రాయం మాత్రం మారలేదు. పెద్ద స్కేలుకి వెళ్లినప్పుడు, 0.5 సూది వాడినప్పుడు గాలి ఖర్చు పెరిగి ఆ చిన్న పంపు ఆగకుండా తిరుగుతుంది, అప్పుడు ఈ చర్చ మళ్లీ మొదలుపెట్టాలి. అప్పుడు ఆయిల్ రకం కొంటే మూడు జాగ్రత్తలు. ఎప్పుడూ నిలువుగానే మోయాలి. పక్కకి వంచితే నూనె గాలి దారిలోకి పోతుంది. ఆన్ చేసేముందు అద్దంలో నూనె మట్టం చూడాలి, తయారీదారు చెప్పిన నూనే పోయాలి. వాటర్ ట్రాప్‌తో పాటు ఆయిల్ ఫిల్టర్ కూడా పెట్టాలి. లేకపోతే నూనె చుక్క పడ్డ చోట రంగు అంటుకోక ఫిష్ ఐ అనే గుండ్రటి మచ్చలు వస్తాయి, ఆ భాగాన్ని మళ్లీ మొదటి నుంచి రుద్దాల్సిందే.