మేత బాగానే తింటోంది, దెబ్బ లేదు, అయినా గుర్రం కుంటుతోంది. మొహం కూడా ఉబ్బినట్టుంది

పొలంగట్టు:
అందరికీ నమస్తే. మాది వికారాబాద్ వైపు, చిన్న డెయిరీ ఉంది. నాన్నకి ఎప్పట్నుంచో గుర్రం మోజు, పోయినేడాది నాందేడ్ దగ్గర మాలేగావ్ ఖండోబా జాతరకు వెళ్లి ఆరేళ్ల ఆడగుర్రాన్ని కొనుక్కొచ్చారు. గేదెల కోసం వేసిన సూపర్ నేపియర్ గడ్డే రెండు పూటలా దీనికీ వేస్తున్నాం. లేతగా ఉన్నప్పుడే కోసి పెడతాం, ఇష్టంగా తింటుంది. దానికి తోడు రోజూ రెండు మూడు కిలోల వరి తవుడు, కొంచెం ఉడకబెట్టిన ఉలవలు. తవుడంటే ప్రాణం, బకెట్ చప్పుడు వినబడితే చాలు సకిలిస్తుంది.

సమస్య ఏంటంటే, ఓ వారం ముందరి కుడికాలు కుంటుతుంది, అది తగ్గేసరికి వెనక ఎడమకాలు మొదలు. దెబ్బ లేదు, డెక్కలో రాయీ లేదు. కళ్ల కింద మొహం రెండు పక్కలా లావెక్కినట్టుంది, నొక్కితే మెత్తగా లేదు, గట్టిగా ఎముకలాగే ఉంది. ఈమధ్య గడ్డి సగం నమిలి ముద్దలుగా కింద పడేస్తోంది. మా పశువుల డాక్టర్ గారు గేదెల విషయంలో చాలా మంచి చెయ్యి, గుర్రాలు పెద్దగా చూడలేదని ఆయనే చెప్పారు. రక్తపరీక్ష చేయించాం, కాల్షియం నార్మల్ అని వచ్చింది. ఊళ్లో ఓ పెద్దాయన ఇది వాతం, కాల్చి వాతలు పెడితే పోతుందంటున్నాడు. నాన్న సరే అనేలా ఉన్నారు, నా టెన్షన్ అదే.

మలక్‌పేట సైస్:
తమ్ముడూ, వాతలు మాత్రం పెట్టనివ్వకు. ముందు ఏ కాలో తేల్చుకో. గట్టి నేల మీద ఎవరితోనైనా తాడు వదులుగా పట్టించి నడిపించు, నువ్వు ఎదురుగా నిలబడి తల చూడు. ముందు కాళ్లలో నొప్పి ఉన్న కాలు నేలకి ఆనేటప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు ఆనినప్పుడు కిందికి దిగుతుంది. తర్వాత ఒక్కో డెక్క మీద అరచెయ్యి పెట్టి వేడి చూడు, అడుగున ఇంగ్లీషు V అక్షరం ఆకారంలో ఉండే మెత్తటి భాగం దగ్గర వాసన చూడు. కుళ్లు కంపు కొడితే కొట్టంలో తడి ఎక్కువైనట్టే. లాడాలు ఎప్పుడు మార్చారు? ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి నాల్‌బంద్ (లాడాలు కొట్టేవాడు) డెక్క చెక్కి మళ్లీ కొట్టాలి, లాడం లేకపోయినా చెక్కడం తప్పదు.

గడ్డి ముద్దలు పడేస్తోందంటే పళ్లు కూడా చూపించాలి. గుర్రం పళ్లు అరుగుతూ పైకి వస్తూనే ఉంటాయి, అంచులు పదునెక్కి బుగ్గ లోపల కోసుకుపోతుంది. మేం ఏడాదికోసారైనా ఆకురాయితో రాయిస్తాం. గుడ్డిగుర్రాల పళ్లు తోముతున్నారని ఎవరన్నా నవ్వితే నవ్వనీ.

అశ్వవైద్యం:
నేను గుర్రాలు చూసే వెటర్నరీ డాక్టర్‌ని. పళ్లు చూపించమన్న మాట సరైనదే, కానీ మీరు రాసినవన్నీ కలిపి చదివితే నాకు కాళ్ల జబ్బు కంటే మేత జబ్బే కనిపిస్తోంది. కాళ్లు మార్చి మార్చి కుంటడం, మొహం ఎముక రెండు పక్కలా లావెక్కడం, నమలలేకపోవడం, వీటి వెనక నేపియర్, తవుడు. దీన్ని బిగ్ హెడ్ అంటారు. పూర్వం పిండి మరల దగ్గర ఊక, తవుడు తిని బతికే గుర్రాలకు ఎక్కువగా వచ్చేది.

నేపియర్‌లో ఆక్సలేట్ అనే, కాల్షియాన్ని పట్టేసే పదార్థం ఎక్కువ, లేతగా ఏపుగా పెరిగేటప్పుడు ఇంకా ఎక్కువ. గేదెకు పర్వాలేదు, ఎందుకంటే దాని మొదటి పొట్టలోని సూక్ష్మజీవులే ఆక్సలేట్‌ను విరగ్గొట్టేస్తాయి. గుర్రానికి సూక్ష్మజీవులు మేతను పులియబెట్టే ఆ పని అంతా చిన్నపేగు దాటాక, వెనక పెద్దపేగుల్లో జరుగుతుంది. కాల్షియం ఒంటికి పట్టేది చిన్నపేగులో. అంటే గడ్డిలోని కాల్షియాన్ని ఆక్సలేట్ అక్కడే పట్టేసుకుని పేడలో పోయేలా చేస్తుంది. పైనుంచి తవుడు, అందులో కాల్షియం కంటే ఫాస్ఫరస్ పది రెట్లకు మించి ఉంటుంది. గుర్రానికి కావాల్సింది దీనికి తిరగేసి, ఫాస్ఫరస్ ఒక వంతుంటే కాల్షియం ఒకటిన్నర, రెండు వంతులుండాలి. లోటు పూడ్చడానికి మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి కాల్షియం లాగుతుంది, ఆ ఖాళీలో నారలాంటి కణజాలం చేరి దవడ, మొహం ఉబ్బుతాయి, పళ్లు వదులవుతాయి. రక్తంలో కాల్షియం నార్మల్‌గా ఉన్నది కూడా ఎముకల్ని కరిగించుకునే, కాబట్టి ఆ రిపోర్టు చూసి ధైర్యపడొద్దు. మీ డాక్టర్ గారిని మూత్రంలో ఫాస్ఫరస్ కూడా చూడమని అడగండి, తల ఎక్స్‌రే వీలైతే ఇంకా మంచిది. చూడకుండా ఖాయం చేయలేను, కానీ మేత మార్చడానికి రిపోర్టుల కోసం ఆగక్కర్లేదు.

నేపియర్ స్థానంలో గరిక, రోడ్స్ అనే రకం ఎండుగడ్డి లాంటిది, రోజూ కొంత లూసర్న్ (పప్పుజాతి మేత). లూసర్న్‌లో కాల్షియం బాగా ఉంటుంది. వరిగడ్డి మీద మాత్రం ఆధారపడొద్దు, సత్తువ తక్కువ, పేగులో అడ్డం పడుతుంది కూడా. సవారీ, పరిగెత్తించడం పూర్తిగా ఆపేయండి. ఎముక బలహీనంగా ఉంది, చిన్న తడబాటుకే విరగొచ్చు.

కొండగుర్రం:
మాది పాడేరు ఏజెన్సీ. రోడ్డు లేని ఊళ్ల నుంచి సంతకు కాఫీ గింజలు, అక్కడి నుంచి ఇంటికి బియ్యం మోసేది ఇప్పటికీ గుర్రాలే. మావి పొట్టివి. వాటికి ఎవరూ నేపియరూ తవుడూ పెట్టరు, బరువు దించాక కొండ మీదికి వదిలేస్తారు. నాలుగు రకాల గడ్డీ ఆకూ ఏరుకుని తింటాయి. డాక్టర్ గారూ, మీరు లూసర్న్ అన్నారు కానీ అది అందరికీ దొరికేదా? మీ మామిడితోటలో గట్ల మీద గరిక ఉంటే పొలంగట్టు గారూ, పగలంతా వదిలేయండి. కొట్టంలో ఒంటరిగా రెండు పూటలు మేసి మిగతా టైమంతా గోడ చూస్తూ నిలబడితే ఏ గుర్రమైనా చెడుతుంది. తోడుకి ఒక మేకనైనా కట్టండి.

పొలంగట్టు:
అందరికీ చాలా థాంక్స్. డాక్టర్ గారు, మా దగ్గర గేదెల దాణా, మినరల్ మిక్స్చర్ ఉన్నాయి, తవుడు బదులు అవి పెట్టొచ్చా? కాల్షియం కోసం తాంబూలం సున్నం కలపమంది అమ్మ. ఎంత మేత వేయాలో లెక్క కూడా చెబుతారా? (మామిడితోట ఉందని నేను చెప్పలేదే, కానీ ఉంది!)

అశ్వవైద్యం:
సున్నం వద్దమ్మా, నోరూ పేగూ కాలుతుంది. దాణాకు వాడే సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బనేట్, మోతాదు మీ డాక్టర్ గారితో మాట్లాడి. గేదెల దాణా అసలే వద్దు. కొన్ని దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు, పశువుకు మేలు చేసే ఆ మందే గుర్రం గుండెను దెబ్బతీసి చంపేయగలదు. కోళ్ల దాణాలోనూ అలాంటి మందులుంటాయి, పక్కన కోళ్లఫారం ఉంటే సంచులు దాని నోటికి అందనివ్వకండి.

లెక్క ఇది: ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసి, దాన్ని దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిర్ర మొన దాకా పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టు 165, పొడవు 150 అనుకుంటే సుమారు 344 కిలోలు. అందులో నూటికి రెండు వంతులు, అంటే ఏడు కిలోల దాకా ఎండుమేత, రోజంతా కొద్దికొద్దిగా. పచ్చిదైతే నీరుంటుంది కాబట్టి బాగా ఎక్కువ పడుతుంది. కుంటు తగ్గడానికి నెలలు పడుతుంది, మొహం వాపు పూర్తిగా పోకపోవచ్చు.

పొలంగట్టు:
నాన్నకు మొత్తం చదివి వినిపించాను, వాతల మాట మానేశారు. కానీ తవుడు రేపట్నుంచే బంద్ అంటున్నారు. అది బకెట్ కోసం తలుపు తన్నేస్తుంది.

మలక్‌పేట సైస్:
ఒక్కరోజులో ఆపొద్దు, మేత హఠాత్తుగా మారిస్తే కడుపునొప్పి వస్తుంది, గుర్రానికి వాంతి కూడా రాదు, లోపలే గ్యాసు కట్టి ప్రాణం మీదికొస్తుంది. ఓ వారం పది రోజుల్లో తవుడు తగ్గిస్తూ పో, నేపియర్ కూడా అలాగే. అదే బకెట్, అదే టైము, లోపల తడిపిన లూసర్న్ ముక్కలు పైన గుప్పెడు తవుడు చల్లి పెట్టు. నేల మీద దొర్లుతూ పొట్టవైపు చూసుకుంటూ లద్దె వేయకపోతే మాత్రం రాత్రయినా సరే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి.