డ్రాప్ సి లో గిటార్ శృతి నిలబడటం లేదు, ఏం చేయాలి?

వైజాగ్_రిఫ్:
అందరికీ నమస్కారం. మాది వైజాగ్‌లో నలుగురం కలిసి వాయించుకునే చిన్న బ్యాండ్. మొన్నటిదాకా మామూలు ట్యూనింగే, కొత్త పాటల కోసం డ్రాప్ సి కి దిగాం. అంటే లావు తీగ నుంచి వరసగా సి, జి, సి, ఎఫ్, ఎ, డి. గిటార్ స్ట్రాట్ మోడల్, 25.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు), తీగలు 10-46, అంటే సన్నది అంగుళంలో వెయ్యికి 10 వంతుల మందం, లావుది 46. గొడవేంటంటే పాట మొదలుపెట్టేటప్పుడు ట్యూనర్‌లో అన్నిటికీ పచ్చ లైటే, సగం పాటకి వచ్చేసరికి లావు తీగ ఎటో పోతుంది. బేస్ వాయించేవాడు నా వైపు చూస్తాడు, నేను గిటార్ వైపు చూస్తాను. షాపులో అడిగితే కీలు (తీగలు బిగించే మరలు) పోయాయి, తీగని జారకుండా పట్టుకునే లాకింగ్ కీలు వేయించుకో అన్నారు. డబ్బు పెట్టే ముందు ఇక్కడ అడుగుదామని వచ్చా.

మెటల్_మావయ్య:
ఆగు తమ్ముడూ, కీల జోలికి వెళ్ళకు. ముందు తీగలు మార్చు. నీ 46 తీగ మామూలు ట్యూనింగ్‌లో, అంటే ఇ లో ఉన్నప్పుడు దాని మీద ఇంచుమించు 8 కిలోల టెన్షన్ ఉంటుంది. అదే తీగని సి కి దించితే 5 కిలోలు. మూడో వంతు కన్నా ఎక్కువే పోయిందన్నమాట, ఇక అది తీగ కాదు, బట్టలారేసే తాడు. అంత వదులుగా ఉన్నదాన్ని గట్టిగా కొడితే కొట్టిన క్షణంలో శృతి పైకి లేచి, తర్వాత మెల్లగా దిగి కూర్చుంటుంది. నమ్మకపోతే ట్యూనర్ ముందు పెట్టుకుని ఒకసారి మెల్లగా మీటు, ఒకసారి స్టేజ్ మీద కొట్టినట్టు కొట్టు. రెండోసారి ముల్లు కుడివైపుకి దూకి వెనక్కి వస్తుంది. అంటే నీ గిటార్ పాట మధ్యలో శృతి తప్పడం లేదు, రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే బిట్) కొట్టిన ప్రతిసారీ తప్పుతోంది.

56 వేసి సి లో పెడితే మళ్ళీ ఏడున్నర కిలోలు వస్తుంది, నీ చేతికి అలవాటైన బిగువే. మిగతా ఐదు తీగలూ ఒక్క టోనే (రెండు స్వరస్థానాలు) దిగుతాయి కాబట్టి 11-56 సెట్టు సరిపోతుంది.

కాకినాడ_కార్డ్స్:
మావయ్యా, చిన్న డౌటు. బ్లాక్ సాబత్ టోనీ అయోమీ సన్న తీగలతోనే టోనున్నర కిందికి దించి 1971లో ఆల్బమ్ చేశాడు కదా? మరి ఆయనకి లేని ఇబ్బంది మనకెందుకు?

మెటల్_మావయ్య:
ఆయన లెక్క వేరు బాబూ. 17 ఏళ్ళకే ఫ్యాక్టరీలో మెషిన్ కింద పడి కుడి చేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. ఎడమచేతివాటం మనిషి కాబట్టి తీగలు నొక్కే చెయ్యే అది. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని వాయించాడు. తీగ వదులుగా ఉండటం ఆయనకి అవసరం, దానికి తగ్గట్టు ఏళ్ళ తరబడి చెయ్యి దిద్దుకున్నాడు. మన వైజాగ్ తమ్ముడు కట్టెలు కొట్టినట్టు కొడుతున్నాడు, అదీ తేడా. చెయ్యి తేలిక చేసుకోగలిగితే 10-46 తోనూ నడుస్తుంది, కాదనను.

బొబ్బిలి_బిరడా:
మావయ్యగారి మాటకి ఇంకోటి కలుపుతా. 56 కొని తెచ్చి నేరుగా వేసేయకండి. నట్‌లో (కీల దగ్గర తీగలు ఆనుకునే గాళ్ళ పట్టీ) గాడి 46 కి కోసి ఉంటుంది, లావు తీగ అందులో దిగదు, అంచుల మీద ఇరుక్కుని కూర్చుంటుంది. కీ తిప్పుతుంటే ముందు ఏమీ కదలదు, ఉన్నట్టుండి "టింగ్" మని ఒక్కసారిగా జారుతుంది. ఆ టింగ్ వినిపించిందంటే మీ దొంగ నట్‌లో ఉన్నాడని అర్థం, కీలో కాదు. పాటలో ఒక్క బెండ్ చేయగానే, అంటే తీగని పక్కకి లాగి వదలగానే, తీగ ఆ గాడిలో జరిగి అక్కడే పట్టేసుకుంటుంది, వెనక్కి రాదు.

మా అమ్మ వీణ వాయిస్తుంది. బిరడా జారిపోతుంటే సుద్దముక్క రాసి బిగించేది, అక్కడ పట్టు కావాలి కాబట్టి. నేను అదే తెలివితో చిన్నప్పుడు గిటార్ నట్‌కీ సుద్ద రాశాను, వారం రోజులు నరకం. గిటార్‌కి నట్ దగ్గర కావాల్సింది జారుడు. మెత్తటి పెన్సిల్, 2బి అయినా 4బి అయినా, గాడిలో బాగా రుద్దండి, ఆ నల్లపొడి చాలు. గాడి వెడల్పు మాత్రం నట్ ఫైల్ ఉన్నవాళ్ళ చేత చేయించండి. అడుగు ఎక్కువ అరిగిందా, ఓపెన్ తీగ (వేలు పెట్టనిది) ఫ్రెట్‌కి (మెట్టుకి) తగిలి గరగరలాడుతుంది, కొత్త నట్ వేయించుకోవాల్సిందే.

డల్లాస్_డౌన్‌ట్యూన్:
వైజాగ్ బ్రో, నీ బ్రిడ్జ్ (కింది వైపు తీగలు ఆనుకునేది) ఏది? స్ట్రాట్ అన్నావు కాబట్టి వెనకాల స్ప్రింగులు ఉండే ట్రెమొలో అయి ఉంటుంది, అంటే కర్రతో ఊపి శృతి ఊగించే బ్రిడ్జ్. అది గాల్లో తేలేలా పెట్టి ఉంటే నీ కథ అక్కడే ఉంది. ఒక వైపు తీగలు లాగుతుంటాయి, ఇంకో వైపు స్ప్రింగులు, త్రాసులాగా. ఒక్క తీగ దించగానే బ్రిడ్జ్ వెనక్కి వాలుతుంది, మిగతా ఐదూ పైకి లేస్తాయి. అవి సరిచేస్తే మొదటిది మళ్ళీ పోతుంది. నాది ఫ్లాయిడ్ రోజ్ అనే తేలే బ్రిడ్జ్, మొదటిసారి డ్రాప్ సి కి దించిన రోజు ఇక్కడ మా గరాజ్‌లో నలభై నిమిషాలు తిప్పుతూనే ఉన్నా, మా ఆవిడ వచ్చి "పాట ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగింది.

వెనక మూత తీసి స్ప్రింగులు పట్టుకునే రెండు స్క్రూలని కొంచెం వదులు చేస్తే బ్రిడ్జ్ మళ్ళీ సమంగా నిలబడుతుంది. లావు తీగలు వేశాక అదే స్క్రూని మళ్ళీ బిగించాల్సి రావచ్చు. నువ్వు ట్రెమొలో కర్ర వాడకపోతే ఇంకా సులువు, బ్రిడ్జ్ వెనక ఖాళీలో సరిగ్గా పట్టేంత చెక్కముక్క దూర్చెయ్. నేను చివరికి అదే చేశా, పాత స్కేలు విరిచి.

వైజాగ్_రిఫ్:
తేలేదే డల్లాస్ అన్నా! మూత తీసి చూశా, మూడు స్ప్రింగులు ఉన్నాయి. ట్రెమొలో కర్ర ఎక్కడ పెట్టానో కూడా గుర్తు లేదు, చెక్క పెట్టేస్తా. పెన్సిల్ రాయకముందు కీ తిప్పి చూశా బొబ్బిలి గారూ, టింగ్ అన్నది. రెండుసార్లు.

లెస్‌పాల్_లక్ష్మి:
నాదీ ఒక మాట. మీలో నాలాగా 24.75 అంగుళాల గిటార్ వాడేవాళ్ళు ఉంటే అదే తీగ అదే శృతిలో 6 శాతం దాకా వదులుగా ఉంటుంది. అందుకే నేను 12-60 వేస్తా. ఇంకోటి, ట్యూన్ చేసేటప్పుడు పైనుంచి దించుకుంటూ వచ్చి ఆపకండి. కావాల్సిన దానికన్నా కొంచెం కిందికి దించి, పైకి తెచ్చుకుంటూ ఆపండి. దించి ఆపితే కీ పళ్ళలో, నట్‌లో కొంత వదులు దాక్కుని ఉంటుంది, మొదటి బెండ్‌కి అది బయటికి వచ్చి శృతి దిగిపోతుంది. కొత్త తీగలైతే ఒక్కోదాన్నీ చేత్తో పైకి లాగి మళ్ళీ ట్యూన్ చేయడం, ఇక దిగట్లేదు అనేదాకా.

మా బ్యాండ్‌లో జరిగింది చెప్తా, నవ్వకండి. రెండు వారాలు నా గిటార్ ఒక్కటే అందరితో తేడాగా వినిపించింది. తీగలు మార్చా, నట్ మార్పించా. చివరికి చూస్తే నా ట్యూనర్‌లో అందరూ వాడే ఎ స్వరం 440 హెర్ట్జ్ బదులు 436 పెట్టి ఉంది, బ్యాగ్‌లో ఏదో బటన్ నొక్కుకుపోయింది.

బొబ్బిలి_బిరడా:
😂 నవ్వకుండా ఎలా అండీ.

చెన్నై_స్టేజ్:
ఏసీ గదిలో ట్యూన్ చేసుకుని బయట స్టేజ్ ఎక్కితే దిగిపోతుంది, వేడికి తీగ సాగుతుంది కదా. గిటార్‌ని అరగంట ముందే స్టేజ్ దగ్గర పెట్టండి. వైజాగ్‌లో ఆ ఉక్కపోతకి ఇది మరీ అవసరం.

వైజాగ్_రిఫ్:
పది రోజుల తర్వాత వచ్చా. 11-56 వేశా, నట్ గాడి అరగదీయించా, పెన్సిల్, చెక్కముక్క అన్నీ అయ్యాయి. కీలు పాతవే. నిన్న వరసగా ఆరు పాటలు వాయించాం, లావు తీగ కదల్లేదు. కానీ కార్డ్ పట్టుకుంటే మూడో తీగ మాత్రం కొంచెం పైకి పలుకుతోంది, ఓపెన్‌లో బాగానే ఉంది.

మెటల్_మావయ్య:
తీగలు మార్చాక ఇంటోనేషన్ (ఫ్రెట్ నొక్కినా శృతి సరిగ్గా పలకడం) చూసుకున్నావా? పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటడం) కొట్టు, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి కొట్టు. నొక్కింది పైకి ఉంటే ఆ తీగ శాడిల్‌ని (బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనుకునే ముక్క) వెనక్కి జరుపు, కిందికి ఉంటే ముందుకి. ఆరింటికీ చూడు, లావు దానికి కచ్చితంగా వెనక్కి జరపాల్సి వస్తుంది. అప్పటికీ మూడోది మాట వినకపోతే చుట్టు ఉన్న తీగ (పైన సన్న తీగ చుట్టినది), 20 సైజుది, వేసి చూడు. చుట్టు లేనిది కొంచెం గట్టిగా నొక్కినా పైకి పోతుంది. వేళ్ళు కూడా కాస్త తేలిగ్గా పెట్టు నాయనా.

వైజాగ్_రిఫ్:
శాడిల్ జరిపితే సరిపోయింది మావయ్యా, థాంక్స్. ఇప్పుడు నా గిటార్ నిలబడే సరికి తేలిందేంటంటే బేస్ శృతి తప్పుతోంది. వాడు మామూలు 45-105 సెట్టునే సి కి దించేసి ఇన్నాళ్ళూ నా వైపు చూస్తున్నాడు!

డల్లాస్_డౌన్‌ట్యూన్:
ఐదు తీగల బేస్ సెట్టు కొనమను, అందులో సన్నది పక్కన పెట్టి మిగతా నాలుగూ వేసుకోమను. నట్ అరగదీయించడం మర్చిపోవద్దని చెప్పు.