ఐఫోన్ వీడియో నాన్నగారి ల్యాప్‌టాప్‌లో: మాట వస్తోంది, బొమ్మ రావట్లేదు

కాకినాడ_కాజా:
పాప అన్నప్రాసన ఐఫోన్‌లో తీశాను. నా మ్యాక్‌లో బాగానే ఆడుతోంది. ఊళ్లో నాన్నగారి పాత విండోస్ ల్యాప్‌టాప్‌లో మాత్రం స్క్రీన్ నల్లగా ఉండి మాటలే వినిపిస్తున్నాయి. ఫైల్ పేరు చివర ఎంఓవీ తీసేసి ఎంపీ4 అని పెడితే చాలంటున్నారు. నిజమేనా?

ఎడిటింగ్_బావ:
పేరు మారిస్తే లోపలి సరుకు మారదండీ. బొమ్మ ఏ కోడెక్‌లో (వీడియోని కుదించి, మళ్లీ విప్పి చూపే పద్ధతి) ఉందన్నదే ముఖ్యం. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఐఫోన్లు హెచ్.265 అనే కోడెక్‌లో తీస్తున్నాయి. సైజు తగ్గుతుంది, కానీ చాలా విండోస్ మెషీన్లలో ఆ కోడెక్ ఉండదు. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ వేస్తే ఈ పూటకి గడుస్తుంది. కానీ ఆ వీడియో రేపు అత్తయ్యగారింటికీ వెళ్తుంది కదా, అందరికీ వీఎల్‌సీ వేయించలేం. వీడియోని వేరే కోడెక్‌లోకి మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో ఫైల్ పడేసి 'ఫాస్ట్ 1080పీ30' ఎంచుకోండి. బొమ్మ పాత కోడెక్ హెచ్.264లో, శబ్దం ఏఏసీలో, ఫైల్ ఎంపీ4గా వస్తుంది. దాదాపు ఏ కంప్యూటర్లోనైనా ఆడుతుంది.

డల్లాస్_వదిన:
మా పెళ్లి మినీడీవీ (పాత క్యామ్‌కార్డర్ల చిన్న డిజిటల్ టేపు) క్యాసెట్లు కంప్యూటర్‌కి ఎక్కిస్తే గంటకి 13 జీబీ అయింది. హ్యాండ్‌బ్రేక్‌తో చాలా చిన్నదైంది. ఇండియాలో తీసిన అలాంటి క్యాసెట్లు పాల్ అనే టీవీ పద్ధతివి, సెకనుకి 25 ఫ్రేములు. ఇక్కడ అమెరికాలో వాడే 30కి మార్చకండి, కదలిక కుదుపుగా వస్తుంది. 'ఫాస్ట్ 576పీ25' పెట్టి, డీఇంటర్లేస్ (గీత విడిచి గీతగా తీసిన బొమ్మని నిండు ఫ్రేముగా కలిపేది) ఆన్ చేయండి. లేకపోతే తలంబ్రాలు పోసేటప్పుడు చేతుల అంచుల్లో అడ్డగీతలు కనిపిస్తాయి.

కాకినాడ_కాజా:
ఆడిందండీ! నాన్నగారు ఇప్పటికి రెండుసార్లు చూశారు. ఇకముందు తీసేవాటికి ఏం చేయాలి?

ఎడిటింగ్_బావ:
సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, 'మోస్ట్ కంపాటిబుల్'. 4కే 60 ఫ్రేములు మాత్రం అప్పుడు తీయలేరు, ఇంటి వీడియోకి అదేం పెద్ద లోటు కాదు. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే) వీడియో కూడా ఆఫ్ చేయండి, పాత స్క్రీన్ల మీద మొహాలు పాలిపోయినట్టు రావు.

పెన్‌డ్రైవ్_మావయ్య:
పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేవాళ్లకి ఒక మాట. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లోకి మార్చండి. పాత టీవీలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ని గుర్తించవు. వాటికోసమైతే వీడియోనే ముక్కలు చేయండి.

డల్లాస్_వదిన:
ఒరిజినల్ ఫైళ్లు చెరిపేయొద్దు. మార్చిన ప్రతిసారీ క్వాలిటీ కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు.