హైనో బోటు ఇంజన్‌కి టర్బో కడితే పాత రకం పిస్టన్లు సరిపోతాయా?

కాకినాడ_జెట్టీ:
సోనా రకం వేట బోటులో లేలాండ్ హైనో ఇంజన్, ఆరు సిలిండర్లు, టర్బో (పొగ జోరుతో తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలి తోసే పంకా) లేని రకం. బోర్ 104 మి.మీ., స్ట్రోక్ 113. వేట నిషేధంలో హెడ్డు దింపి లైనర్లు మారుస్తున్నాం కదా, పనిలో పనిగా టర్బో కట్టేయమని ఓనరు గారి పట్టు. పాత రకం పిస్టన్లే వేసి హెడ్ ప్యాకింగ్ (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య గ్యాస్కెట్) అర మి.మీ. మందం పెంచితే చాలని లేతు షాపులో అంటున్నారు. స్పేర్ల షాపాయన టర్బో పిస్టన్లే వేయాలంటాడు. ఇంకొకరు ఫోర్జ్‌డ్ (పోత కాకుండా లోహాన్ని ఒత్తి చేసినవి) అంటున్నారు. జూన్ 14తో నిషేధం అయిపోతుంది. ఏది వేయమంటారండీ?

గౌతమి_డీజిల్:
పిస్టన్ల బేరం ఆపి ముందు సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ తొట్టి) దింపండి. ఒక్కో సిలిండర్ కింద పిస్టన్ అడుగుకి ఆయిల్ చిమ్మే నాజిల్ ఉందా? గట్టి లోడుకి చేసిన టర్బో పిస్టన్ తలలో చుట్టూ బోలు దారి ఉంటుంది. నాజిల్ ఆయిల్ అందులో తిరిగి వేడి లాక్కుని కిందికి కారిపోతుంది. నాజిల్ లేకపోతే ఆ దారి ఉత్త గాలి గది, వేడి దిగే లోహం తగ్గినట్టే. నాజిళ్లుంటే వాటికి తగ్గ ఆయిల్ పంపు, కూలర్ కూడా ఉండాలి, లేదంటే ఆయిల్ ప్రెజర్ పడిపోతుంది.

ప్యాకింగ్ సంగతి. సిలిండర్ 960 సీసీ, కంప్రెషన్ (గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క) 17 అనుకుంటే పైన మిగిలే జాగా 60 సీసీ. అర మి.మీ.కి 4.2 సీసీ కలిసి కంప్రెషన్ 16కి దిగుతుంది. లెక్క తప్పు కాదు. కానీ ఆ జాగా చేరేది పిస్టన్ అంచుకీ హెడ్డుకీ మధ్య. అక్కడ నలిగిన గాలే పిస్టన్ తలలో ఉండే గిన్నెలాంటి గుంటలోకి దూసుకెళ్లి డీజిల్‌ని కలపాలి. నలుగుడు తగ్గితే నల్ల పొగే. టర్బో పిస్టన్‌లో అంచు దూరం అలాగే ఉంచి గిన్నెనే పెద్దది చేస్తారు. తల చెక్కించడం ఇంకా దండగ, మొదటి రింగు మంటకి దగ్గరవుతుంది.

ఫోర్జ్‌డ్ అల్యూమినియం రేసు ఇంజన్ల సరుకు. సిలికాన్ తక్కువున్న రకం వేడికి ఎక్కువ సాగుతుంది, గ్యాప్ ఎక్కువ వదలాలి. బోటుకి పోత పిస్టనే మేలు, మొదటి రింగు గాడికి ఇనుప చుట్టు ఉన్నది చూసి తీసుకోండి.

అంతర్వేది_లేతు:
టర్బో పిస్టన్ మొదటి గాడి చాలావాటిలో ఏటవాలుగా ఉంటుంది, పాత చదరం రింగు అందులో కూర్చోదు. రింగులు ఆ పిస్టన్ సెట్‌తోపాటే కొనండి. రింగుని లైనర్లోకి దించి, పిస్టన్ తలతో సమంగా తోసి, ఫీలర్‌తో (సందు కొలిచే పల్చటి రేకు) రింగు రెండు కొసల మధ్య మూతి గ్యాప్ చూడాలి. మాన్యువల్ అంకె దొరక్కపోతే 104 బోర్‌కి 0.40 మి.మీ. దగ్గర పెట్టండి. బిగువైతే వేడికి రెండు కొసలూ గుద్దుకుని రింగు విరుగుతుంది, లైనర్ గీరుకుపోతుంది.

పిస్టన్ దించేటప్పుడు కనెక్టింగ్ రాడ్ తగిలి నాజిల్ వంగిందో, ఆ ఒక్క సిలిండరే పట్టేస్తుంది. బిగించాక చేత్తో రెండు చుట్లు తిప్పి, పిస్టన్ అడుగుకి వచ్చినప్పుడు ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి.

వశిష్ఠ_పాయ:
లారీకి పల్లం వస్తుంది, బోటుకి రాదు. ఎప్పుడూ ఘాట్ ఎక్కుతున్నట్టే. వలలు, ఐసు నింపి ఫుల్ రేజ్ ఇచ్చినప్పుడు ఇంజన్ ప్లేటు మీదున్న ఆర్‌పీఎం అందుకోకపోతే ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) ఎక్కువన్నమాట. అలాగే లాగిస్తే గిన్నె అంచు నుంచి పిస్టన్ చీలుతుంది. టర్బోకి ముందు పొగ గొట్టంలో వేడి మీటరు పెట్టండి, 650 డిగ్రీలు దాటితే పంపులో డీజిల్ తగ్గించాల్సిందే.

వరద రోజుల్లో నది సముద్రంలో కలిసే మొగల దగ్గర ఎర్రనీటి ఒండ్రు హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల్లో పేరుకుంటుంది, గుర్రపుడెక్క నీళ్లు వచ్చే చోటి స్ట్రైనర్‌ని (జల్లెడ) మూసేస్తుంది. నీళ్లు ఆగితే ఎంత మంచి పిస్టనైనా పట్టేస్తుంది.

కాకినాడ_జెట్టీ:
సంపు దింపామండీ. నాజిళ్లు లేవు, వాటికి రంధ్రాలూ వేసి లేవు.

గౌతమి_డీజిల్:
అయితే ఆ బ్లాకుకి టర్బో వద్దండీ. కొత్తగా రంధ్రాలు వేయించకండి, బ్లాకులోని ఆయిల్ దారికి (గ్యాలరీ) చిల్లు పడితే బ్లాకే పోతుంది. పాత రకం పిస్టన్లు, లైనర్లు, రింగులు సెట్‌గా వేసి, ప్యాకింగ్ కంపెనీ మందంలోనే పెట్టి, పిచ్ సరిచేయించండి. ఓనరు గారికి టర్బోనే కావాలంటే నాజిళ్లున్న టర్బో బ్లాకు వెతకమనండి.