కర్నూలు పేరు తగిలించిన ఆ వేరియంట్ చివరికి ఏమైంది?

తుంగభద్ర_కర్నూలు: 2021 మేలో టీవీలన్నీ ఎన్440కె అనే కరోనా రకం అంటూ మా ఊరి పేరు పట్టుకుని ఊదరగొట్టాయి, చుట్టాలు కూడా ఇప్పట్లో మా ఇంటికి రావద్దన్నారు, ఆ బాధ ఇంకా పోలేదు. అది నిజంగా అంత ప్రమాదకరమైనదా? మా అమ్మకు పాజిటివ్ వచ్చినప్పుడు రిపోర్టులో వేరియంట్ పేరు ఎందుకు లేదు?

ల్యాబ్_అనంతపురం: అన్నా, ఆర్‌టీపీసీఆర్ వైరస్ ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది. ఏ వేరియంటో తెలియాలంటే సీక్వెన్సింగ్ చేయాలి, అంటే వైరస్‌లోని దాదాపు 30,000 అక్షరాల జన్యువు మొత్తం చదవాలి, అందుకే కొన్ని శాంపిళ్లనే ఏరి పంపుతారు, అవీ సీటీ విలువ తక్కువగా, అంటే వైరస్ దండిగా ఉన్నవి, లేదంటే మధ్యలో చాలా అక్షరాలు ఖాళీగా వస్తాయి. ఎన్440కె అంటే వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్‌లో 440వ స్థానంలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం పోయి లైసిన్ అనే ఇంకొకటి రావడం.

పెన్నా_కడప: ఆ రకం తగ్గిపోతోందని, డెల్టా కుటుంబమైన బి.1.617 దాని చోటు తీసుకుంటోందని హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు ఆ మేలోనే చెప్పారు. ఎక్కడ సీక్వెన్సింగ్ చేస్తే అక్కడ దొరుకుతుంది, పుట్టింది అక్కడేనని కాదు కదా! ఊళ్లకు, దేశాలకు మచ్చ రాకూడదనే డబ్ల్యూహెచ్‌ఓ అదే నెల 31న ఆల్ఫా, డెల్టా లాంటి గ్రీకు పేర్లు ప్రకటించింది.

ల్యాబ్_అనంతపురం: అవును. పైగా అదే 440 మార్పు తర్వాత ఒమిక్రాన్‌లోనూ కనిపించింది.