యాప్ హాష్ కలవడం లేదు: తప్పు ఏ లేయర్‌లో ఉన్నట్టు?

ప్రశ్న: కామెట్‌బీఎఫ్‌టీ (నోడ్‌లన్నిటినీ ఒకే మాట మీదికి తెచ్చే రెడీమేడ్ కన్సెన్సస్ సాఫ్ట్‌వేర్) మీద గో భాషలో చిన్న బ్లాక్‌చెయిన్ రాస్తున్నానండి. 4 వాలిడేటర్లు (బ్లాక్‌ల మీద ఓటేసే నోడ్‌లు), అందరికీ సమానమైన ఓటు. కాసేపు బాగానే నడిచి, యాప్ హాష్ (అప్లికేషన్ డేటాకు వేలిముద్ర లాంటి విలువ) కలవడం లేదంటూ చెయిన్ మొత్తం ఆగిపోతోంది. నోడ్‌ల మధ్య కనెక్షన్ బాగానే ఉంది. కన్సెన్సస్ సెట్టింగులు మార్చి మార్చి రెండు రోజులు పోయాయి. గడువు దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ వెతకాలి?

జవాబు: ఆ సెట్టింగులను ఇక ముట్టుకోకండి. తప్పు దాదాపు ఖాయంగా మీ అప్లికేషన్ కోడ్‌లోనే ఉంది.

నెట్‌వర్క్ లేయర్ సందేశాలు చేరవేస్తుంది, అంతే. దాని పైన కన్సెన్సస్, ఏ లావాదేవీ ముందో ఏది తర్వాతో తేలుస్తుంది. ఆ లావాదేవీలో ఏముందో దానికి తెలియదు, దానికి అవన్నీ ఉత్త బైట్లు. వాటిని చదివి బ్యాలెన్సులు మార్చేది మీ అప్లికేషన్. ఈ రెండూ మాట్లాడుకునేది ఏబీసీఐ అనే ఇంటర్‌ఫేస్ ద్వారా. ఒకే వరుసలో అవే లావాదేవీలు ఇస్తే 4 నోడ్‌లలోనూ ఒకే స్టేట్ (బ్యాలెన్సుల వంటి డేటా ప్రస్తుత స్థితి) రావాలి. ఆ పూచీ పూర్తిగా మీ కోడ్‌దే.

బ్లాక్ ఖాయం కావాలంటే మూడింట రెండు వంతులకు మించి ఓట్లు కావాలి, అంటే మీకు 3. ఒక్క నోడ్ దారి తప్పితే అదొక్కటే ఆగేది. మొత్తం ఆగిందంటే కనీసం రెండు తప్పాయి. సిస్టం గడియారం, ర్యాండమ్ నంబర్లు, మ్యాప్ మీద లూప్ ఎక్కడెక్కడ వాడారో చూడండి. గో భాషలో మ్యాప్ ప్రతిసారీ ఒకే వరుసలో రాదు.

ఇంకో మాట. ఒక బ్లాక్ ఫలితం తాలూకు హాష్ తర్వాతి బ్లాక్ హెడర్‌లో కనిపిస్తుంది. 250వ బ్లాక్ దగ్గర ఎర్రర్ వస్తే 249వ బ్లాక్‌లో ఏం జరిగిందో చూడండి.

ప్రశ్న అడిగినవారు: మ్యాప్ కీలను సార్ట్ చేశాను. గడియారం తీసేసి, ఫైనలైజ్‌బ్లాక్‌లో (ఖాయమైన బ్లాక్‌ను అమలు చేసే ఫంక్షన్) వచ్చే బ్లాక్ సమయమే వాడుతున్నాను. అయినా ఫీజు ఉన్న లావాదేవీలు వస్తే మళ్లీ తేడా.

మరొకరు: ఫీజు ఎక్కడ కోస్తున్నారు? లావాదేవీని ముందుగా పరిశీలించే చెక్‌టీఎక్స్ ఫంక్షన్‌లోనా?

ప్రశ్న అడిగినవారు: అవునండి, బ్యాలెన్స్ ఉందో లేదో చూసి అక్కడే తీసేస్తున్నాను.

మరొకరు: దొరికింది. చెక్‌టీఎక్స్ మెమ్‌పూల్ (బ్లాక్‌లోకి ఎక్కేముందు లావాదేవీలు వేచి ఉండే చోటు) కోసం. అది ఒక్కో నోడ్‌లో ఒక్కో సమయంలో, ఒక్కో వరుసలో, కొన్నిసార్లు ఒకే లావాదేవీకి రెండోసారి కూడా నడుస్తుంది. బ్లాక్‌లోకి రాని లావాదేవీకి కూడా మీరు ఫీజు కోసేస్తున్నారు! అక్కడ అసలు స్టేట్‌ను చదవండి కానీ రాయకండి. లెక్క కావాలంటే విడిగా ఒక కాపీ పెట్టుకుని, ప్రతి కమిట్ (బ్లాక్ ఫలితాన్ని సేవ్ చేయడం) తర్వాత దాన్ని అసలు స్టేట్‌తో సరిచేయండి. ఫీజు కోత ఫైనలైజ్‌బ్లాక్‌లోకి మార్చండి.

ప్రశ్న అడిగినవారు: మార్చాను, కానీ మళ్లీ అదే ఎర్రర్!

మరొకరు: పాత డేటాతోనే నడిపి ఉంటారు. అందులో స్టేట్ అప్పటికే విడిపోయింది. ఇది టెస్ట్ చెయినే కాబట్టి 4 నోడ్‌లలోనూ చెయిన్ డేటా, అప్లికేషన్ డేటా రెండూ తుడిచి, జెనెసిస్ (చెయిన్ తొలి స్థితి) నుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు: తుడిచి మొదలుపెట్టాను. ఫీజు లావాదేవీలు వరసగా పంపుతున్నా 4 నోడ్‌లలో ఒకే హాష్ వస్తోంది. ఇద్దరికీ చాలా థ్యాంక్సండి.