22 పైపులు కోస్తే 22 శ్రుతులు పలుకుతాయా?

కొర్లగుంట_కుర్రాడు: ఇల్లు కట్టగా మిగిలిన పీవీసీ పైపులు కోసి, ఒక చివర మూసి, 22 శ్రుతులకూ, అంటే స నుంచి పై స దాకా లెక్కపెట్టే సన్నని స్వరస్థానాలకూ, ఊదే వాద్యం చేశాను. సా పైపు 33 సెంటీమీటర్లు, అంతర గాంధారం 26 చిల్లర. కీబోర్డు గాంధారం కంటే 14 సెంట్లు (కీబోర్డులో పక్కపక్క స్వరాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) కిందికి, అంటే తంబూరాలో వినబడే గాంధారమే. ఇది సంగీతం కాదని మా వీధిలో ఒకాయన అన్నారు. మీరేమంటారు?

తంబూరా_మాస్టారు: నేనూ అదే అంటాను. శ్రుతి అంటే కొలత కాదు నాయనా. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడుతుందా? కదిలే స్వరాన్ని పైపులో ఎలా పెడతావు? ఆకాశవాణి హార్మోనియాన్ని 1940 నుంచి 1971 దాకా రానివ్వలేదు. స్వరాన్ని ఊపి, జార్చి పలికించే గమకం పలకదనే కదా!

చిత్తూరు_అత్త: జలతరంగం పింగాణీ గిన్నెలే కదండీ. సీతా దొరైస్వామి గారు వాటి మీదే కచేరీలు చేశారు.

తంబూరా_మాస్టారు: అక్కడ పుల్లతో నీటిని తాకి గమకం తెస్తారమ్మా. పైపులో నీళ్లున్నాయా?

కొర్లగుంట_కుర్రాడు: పెదవితో పైపు నోరు కొంచెం మూస్తే స్వరం దిగుతుంది సార్.

తంబూరా_మాస్టారు: మరి మన తిరుపతి ఎండ? గాలి 20 డిగ్రీల నుంచి 40కి వెళ్తే పైపు స్వరం దాదాపు 57 సెంట్లు పెరుగుతుంది. 14 సెంట్ల కోసం రంపం పట్టినవాడివి, దీనికేం చెబుతావు?

కొర్లగుంట_కుర్రాడు: పైపులన్నీ కలిసే పెరుగుతాయి. వాటి మధ్య దూరం మారదు.

తంబూరా_మాస్టారు: తంబూరా వాటితో పాటు పెరగదుగా!

పాకాల_శ్రోత: రెండు రోజులుగా ఎండ గురించే. తంబూరా బిగించుకుంటే సరిపోతుంది.

కొర్లగుంట_కుర్రాడు: మీ కోపం ఎండ మీద కాదు సార్, నా మీద. పదో తరగతిలో వీణ నేర్చుకుంటానని ఒక గురువు ఇంటికి వెళ్తే, వీణ కొనుక్కొని రమ్మన్నారు. మా నాయన ప్లంబరు. మా ఇంట్లో ఉన్నవి పైపులే.

తంబూరా_మాస్టారు: నాకూ వీణ లేదు. గురువుగారింట్లో ఏడేళ్లు నీళ్లు తోడి, ఆయన తంబూరా మీటుతూ సా, పా పట్టుకున్నాను. నువ్వు ఫోన్‌లో ట్యూనర్ ముల్లు మధ్యకి రాగానే రంపం ఆపేశావు. పైపులతో నాకు పేచీ లేదు. నీ చెవి ఏం చేసింది?

చిత్తూరు_అత్త: ఈ మాట మొదటే అనుంటే బాగుండేది కదండీ.

కొర్లగుంట_కుర్రాడు: రాత్రి ఫోన్ పక్కన పెట్టి, శ్రుతిపెట్టె వేసుకుని గాంధారం ఒక్కటే కొత్తగా కోశాను. నాలుగు పైపులు పాడయ్యాయి. స్వరం కలవనంతసేపూ అలలా ఊగే శబ్దం అయిదోదానికి ఒక్కసారిగా ఆగిపోయింది. నాకు ఒళ్లు జలదరించింది సార్.

తంబూరా_మాస్టారు: పంచమం కూడా అలాగే కొయ్యి. ఆదివారం ఎండెక్కక ముందే తీసుకురా, విందాం. తోడికి మాత్రం ఒప్పుకోను.